తెల్లని వంటింటి పొడులను రుచి చూడకుండా గుర్తించడం: ఏ ప్రయోగాలు ఎంచుకోవాలి, ఏ వరుసలో చేయించాలి?

ప్రశ్న
రాసినవారు: సైన్స్ ఉపాధ్యాయిని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల

అందరికీ నమస్కారం. నేను ఆరు, ఏడు తరగతులకు సైన్స్ చెబుతాను. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు మా ఏడో తరగతి పిల్లల చేత ఒక ప్రయోగాల వరుస చేయించాలనుకుంటున్నాను. చూడడానికి ఒకేలా కనిపించే తెల్లని పొడులను చిన్న గిన్నెల్లో పోసి, వాటి మీద అంకెలు మాత్రమే వేసి, ఏ గిన్నెలో ఏముందో పిల్లలే పరీక్షించి కారణంతో సహా చెప్పాలన్నది నా ఆలోచన. ఆమ్లాలు, క్షారాల పాఠం ఇప్పటికే పూర్తయింది. పసుపు కాగితం, మందార పూల రసం వాళ్ళు స్వయంగా తయారు చేసి చూశారు.

నేను రాసుకున్న జాబితా ఇది: ఉప్పు, పంచదార పొడి, వంట సోడా, బేకింగ్ పౌడర్, మైదా, బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్, నిమ్మ ఉప్పు, పటిక పొడి, బట్టల సోడా, ముగ్గుపిండి, సున్నం. వెనిగర్, టింక్చర్ అయోడిన్, నీళ్ళు, పసుపు కాగితాలు సమకూర్చుకోగలను. మా ప్రయోగశాలలో భూతద్దాలు, పరీక్షనాళికలు ఉన్నాయి కానీ అందరికీ సరిపడా లేవు.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఇన్ని పొడులు ఒక్కసారే ఇస్తే పిల్లలు తికమకపడతారేమో, వేటిని ఉంచి వేటిని తీసెయ్యాలి? రెండోది, మైదా, బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ మూడింటి మీదా అయోడిన్ వేస్తే మూడూ నల్లబడతాయి కదా, ఆ తరువాత వాటిని విడదీసేదెలా? మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఉప్పు, పంచదార అనగానే పిల్లల వేలు నోట్లోకి వెళ్తుంది. రుచి చూడకుండా ఆ రెండింటినీ తేల్చే పద్ధతి చూపిస్తే తప్ప, రుచి చూడవద్దన్న మాటను వాళ్ళు మనస్ఫూర్తిగా వినరు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు
రాసినవారు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు (విశ్రాంత)

మేడమ్ గారికి నమస్కారం. మీ మూడో సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ ప్రయోగాల వరుస అంతటికీ కీలకం అందులోనే ఉంది. మీ జాబితాలో ఏ చుక్క వేసినా పలకని పొడులు రెండే రెండు, అవి ఉప్పు, పంచదార. వెనిగర్ వేస్తే పొంగవు, అయోడిన్ వేస్తే నల్లబడవు, పసుపు కాగితం రంగు మార్చవు, నీళ్ళలో రెండూ కరిగిపోతాయి. మనం రోజూ వాడే ఆ రెండింటినే విడదీయడం కష్టమన్న సంగతి పిల్లలు తమంతట తాము కనుక్కోవాలి. అందుకని వాటిని మొదట తేల్చే ప్రయత్నం చేయించకండి. మిగిలిన పొడులన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాక చివరికి ఈ రెండు గిన్నెలే మిగిలేలా వరుస పెట్టండి.

ఆ రెండింటినీ విడదీయడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి కరిగే పరిమాణం చూడడం. 100 మిల్లీలీటర్ల నీటిలో గది ఉష్ణోగ్రత దగ్గర ఉప్పు దాదాపు 36 గ్రాములు కరుగుతుంది, పంచదార దాదాపు 200 గ్రాములు కరుగుతుంది, వంట సోడా 10 గ్రాముల లోపే ఆగిపోతుంది. రెండు గ్లాసుల్లో సమానంగా కొద్ది కొద్ది నీళ్ళు పోసి, చదునుగా గీసిన చెంచాతో ఒక్కొక్క చెంచా వేస్తూ, పూర్తిగా కరిగాకే తరువాతి చెంచా వేయమనండి. ఒక గ్లాసులో ఎంత కలిపినా కరగని గింజలు అడుగున నిలిచిపోతాయి, రెండో గ్లాసు ఇంకా తీసుకుంటూనే ఉంటుంది, నీళ్ళు పాకంలా చిక్కబడతాయి. దీనికి కాస్త ఓపిక కావాలి, కానీ లెక్క పెట్టడం, రాసుకోవడం, పోల్చడం అనే మూడు పనులూ పిల్లలకు ఇక్కడే అలవాటవుతాయి.

భూతద్దం ఉంది కాబట్టి మరో పరీక్ష కూడా చేయించవచ్చు. పాత రాతిపలక మీద చిటికెడు గింజలు చల్లి, కిటికీ వెలుతురులో పక్క నుంచి చూడమనండి. నల్లని పలక మీద ఉప్పు గింజలు చిన్న చిన్న ఘనాలుగా, లంబకోణపు మూలలతో కనిపిస్తాయి. పంచదార గింజల ముఖాలు ఏటవాలుగా ఉంటాయి. ఈ తేడా పొడి చేశాక కనిపించదు కనుక పంచదారను గింజలుగానే ఉంచండి. చినగంజాం, నౌపడ ప్రాంతాల ఉప్పు మడుల నుంచి వచ్చే రాళ్ళ ఉప్పు కొంచెం సంపాదించగలిగితే భూతద్దం లేని పిల్లలకు కూడా ఆ ఘనాకారం కంటికి ఆనుతుంది. వేడి పరీక్ష మాత్రం మీరే చేసి చూపించండి. పాత స్టీలు గరిటెలో చిటికెడు పంచదార వేసి సన్నని మంట మీద పెడితే కరిగి, బంగారు రంగుకు తిరిగి, తరువాత మాడుతుంది. ఉప్పు చిటపటలాడుతుందే గాని కరగదు, రంగు మారదు, ఎందుకంటే అది కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. చిటపట శబ్దం గింజల లోపల చిక్కుకున్న తేమ ఆవిరై పగలడం వల్ల వస్తుంది. గింజలు ఎగిరి కంట్లో పడే అవకాశం ఉంది కనుక పిల్లలు దూరంగా నిలబడాలి.

ఇక చుక్కల పరీక్షలు. అయోడిన్ విషయంలో టింక్చర్ దొరకకపోతే మెడికల్ షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణం సరిపోతుంది. దాన్ని నీళ్ళు కలిపి పలచని టీ రంగుకు తేవాలి. చిక్కగా వేస్తే ప్రతి పొడీ ముదురు గోధుమ రంగులో నల్లగానే కనిపించి, ఏది మార్పో ఏది మరకో తెలియదు. పలచని చుక్క పంచదార మీద పడితే లేత పసుపు గోధుమ రంగులోనే ఉండిపోతుంది. మైదా మీద పడిన చుక్క మాత్రం చూస్తుండగానే అంచుల నుంచి ఊదాగా మారి, నీలి నలుపుకు తిరుగుతుంది. పిండి పదార్థంలోని అమైలోజ్ అణువు మెట్లు తిరిగినట్టు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్ట లోపలి ఖాళీలో అయోడిన్ వరుసగా చేరినప్పుడు ఆ రంగు వస్తుంది. పంచదార అణువుకు అటువంటి చుట్ట లేదు కనుక రంగు రాదు. పిల్లలకు చరిత్ర కూడా ఒక్క మాట చెప్పండి. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కూర్తువా 1811లో సముద్రపు నాచు బూడిద నుంచి అయోడిన్‌ను కనుగొన్నాడు, ఆ తరువాత మూడేళ్ళలోనే, 1814లో, పిండి మీద అది ఇచ్చే నీలం రంగు శాస్త్రవేత్తల కంటపడింది. 200 ఏళ్ళు దాటినా ఆ పరీక్ష అలాగే నిలిచి ఉంది.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఉందని రాసి ఉంటుంది కదా, మరి ఉప్పును పిండిలో కలిపితే నీలం రావాలి కదా అని. ఆ ఉప్పులో ఉండేది విడి అయోడిన్ కాదు, పొటాషియం అయోడేట్ అనే లవణం, అదీ అతి స్వల్పంగా. చుట్టలోకి చేరాల్సింది విడి అయోడిన్ కనుక వంటింట్లో ఉప్పు, పిండి కలిసినప్పుడు రంగు రాదు. ఈ ప్రశ్న ఎవరూ అడగకపోతే మీరే అడగండి.

వెనిగర్ చుక్క వేస్తే వంట సోడా బుసబుసా పొంగుతుంది, వెలువడేది కార్బన్ డయాక్సైడ్. బేకింగ్ పౌడర్ కూడా పొంగుతుంది, ఎందుకంటే అందులో వంట సోడా, ఒక పొడి ఆమ్లం, కార్న్‌ఫ్లోర్ కలిసి ఉంటాయి. కార్న్‌ఫ్లోర్ ఉండడం వల్ల దాని మీద అయోడిన్ కూడా నల్లబడుతుంది. అంటే రెండు పరీక్షలకూ పలికే పొడి మీ జాబితాలో అదొక్కటే. పైగా ఉత్త నీళ్ళు పోసినా అది బుడగలు వదులుతుంది, వంట సోడా వదలదు. ఈ చిన్న తేడా దగ్గర పిల్లలను కాసేపు ఆగనివ్వండి. నీళ్ళకే ఎందుకు పొంగింది అన్న ప్రశ్న నుంచి, ఆమ్లమూ సోడా రెండూ లోపలే ఉన్నాయనీ, పొడిగా ఉన్నంతసేపూ అవి కలవలేవనీ, నీళ్ళు వాటిని కలిపాయనీ వాళ్ళే చెప్పగలుగుతారు.

నిమ్మ ఉప్పును పట్టుకోవడానికి పరీక్షను తిరగేయాలి. వెనిగర్‌తో సోడాను పట్టుకున్నట్టే, సోడా నీళ్ళతో ఆమ్లాన్ని పట్టుకోవచ్చు. చెంచా వంట సోడాను గ్లాసు నీళ్ళలో కరిగించి ఆ నీళ్ళు చుక్కలుగా వేస్తే నిమ్మ ఉప్పు జోరుగా పొంగుతుంది, గిన్నె అడుగున వేలు పెడితే చల్లగా తగులుతుంది. పటిక కూడా ఆమ్ల స్వభావం కలదే కనుక అదీ బుడగలు వదులుతుంది, కానీ దాని నీళ్ళు తేటగా ఉండవు. జిగురులాంటి తెల్లని అవక్షేపం ఏర్పడుతుంది, అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. బురద నీటిలో పటిక తిప్పితే మట్టిని కూడగట్టుకుని అడుగుకు దిగేది ఇదే పదార్థం.

జాబితా విషయానికి వస్తే, మొదటి విడతలో ఉప్పు, పంచదార, వంట సోడా, బేకింగ్ పౌడర్, కార్న్‌ఫ్లోర్, నిమ్మ ఉప్పు అనే ఆరు చాలు. ముగ్గుపిండిని నేనైతే తీసేస్తాను. ఒక్కో ఊళ్ళో ఒక్కో రాయితో చేస్తారు. సున్నపురాయి పొడి అయితే వెనిగర్‌కు పొంగుతుంది, డోలమైట్ అయితే నెమ్మదిగా, బలపపు రాయి అయితే అసలు పొంగదు, కొన్నిచోట్ల బియ్యప్పిండి కూడా కలుపుతారు. మనకే కచ్చితంగా తెలియని పదార్థాన్ని పిల్లలకు తెలిసిన నమూనాగా ఇవ్వకూడదు.

చివరగా ఒక్క మాట మనవి చేస్తాను. అంకెలు వేసిన గిన్నెల పక్కనే పేర్లు రాసిన గిన్నెలు కూడా తప్పక పెట్టండి. తెలిసిన వంట సోడా మీద వెనిగర్ ఎలా పొంగుతుందో ముందు చూసి, ఆ తరువాత 4వ గిన్నెలోనిది కూడా అలాగే పొంగిందని చెప్పడం వేరు, ఊరికే పొంగింది కాబట్టి సోడా అనడం వేరు. పరీక్ష మనకు ఇచ్చే జవాబు ఎప్పుడూ మనం రాసుకున్న జాబితా లోపలే చెల్లుతుంది. నల్లబడలేదు కనుక ఇది పిండి కాదు అని పిల్లవాడు ధైర్యంగా అనవచ్చు. పొంగింది కనుక ఇది వంట సోడాయే అనాలంటే, పొంగే ఇతర పొడులేవీ జాబితాలో లేవని తెలిసి ఉండాలి. ఈ తేడాను వాళ్ళ నోటి వెంట పలికించగలిగితే ఆ రోజు పాఠం వాళ్ళకు బాగా ఎక్కినట్టే.

జవాబు
రాసినవారు: బేకరీ నడుపుతున్న గృహిణి

మాస్టారు చుక్కల పరీక్షలు చాలా చక్కగా చెప్పారు. మూడు పిండ్ల గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే మాకు డబ్బాల మీద పేర్లు చెరిగిపోయినప్పుడు అక్కరకు వచ్చేవి ఇవే.

మైదాను పట్టించేది దానిలోని జిగురు, అంటే గ్లూటెన్. మూడు పిండ్లనూ విడివిడిగా కొద్ది నీళ్ళతో చిన్న ముద్దలుగా కలపండి. మైదా సాగే ముద్ద అవుతుంది, బియ్యప్పిండి ముద్దను లాగితే తెగిపోతుంది, కార్న్‌ఫ్లోర్ ముద్దే కాదు. తరువాత మైదా ముద్దను పావుగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్ళలో ముంచి, వేళ్ళతో మెల్లగా పిసుకుతూ కడగాలి. నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. నీళ్ళు మారుస్తూ కడిగేకొద్దీ ముద్ద చిన్నదై, చివరికి లేత బూడిద రంగులో రబ్బరులా సాగే పదార్థం మిగులుతుంది. ఆ కడిగిన తెల్లని నీళ్ళలో అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుంది, బాగా కడిగిన జిగురు మీద వేస్తే అంత నలుపు రాదు. ఒకే పిండిలో రెండు పదార్థాలు ఉన్నాయని పిల్లలు కళ్ళారా చూస్తారు.

కార్న్‌ఫ్లోర్‌ను వేరు చేయడం ఇంకా సరదాగా ఉంటుంది. రెండు వంతుల కార్న్‌ఫ్లోర్‌కు ఒక వంతు నీళ్ళు కలిపితే, పిడికిలితో గట్టిగా నొక్కినంతసేపూ గట్టి ముద్దగా ఉండి, చెయ్యి తెరవగానే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. మైదా, బియ్యప్పిండి అలా చెయ్యవు. పొయ్యి వాడే వీలుంటే గ్లాసు నీళ్ళలో చెంచా పిండి ఉండలు లేకుండా కలిపి కాచండి. కార్న్‌ఫ్లోర్ అవతలి వెలుతురు కనిపించేటట్టు జెల్లీలా చిక్కబడుతుంది, బియ్యప్పిండి తెల్లని జావగానే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు కూడా బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దితే బియ్యప్పిండి సన్నని ఇసుకలా తగులుతుంది, కార్న్‌ఫ్లోర్ మెత్తగా ఉండి నొక్కితే కిర్రుమంటుంది. మొక్కజొన్న పిండి అని అడిగితే కొన్ని కొట్లలో పసుపు రంగు పిండి ఇస్తారు. అది వేరు, మీకు కావలసింది తెల్లని కార్న్‌ఫ్లోర్.

మరో జాగ్రత్త ఉంది. పంచదార పొడి కోసం బజారులో ఐసింగ్ షుగర్ కొనకండి. గడ్డకట్టకుండా దానిలో చాలావరకు కొంచెం కార్న్‌ఫ్లోర్ కలుపుతారు, అయోడిన్ వేస్తే నల్లబడి పిల్లలు అది పిండి అని రాస్తారు, వాళ్ళు రాసింది తప్పు కూడా కాదు. ఇంట్లో మిక్సీ పట్టుకుంటే, అదే జారులో అంతకుముందు బియ్యం పట్టి ఉంటే పంచదార పొడిలోనూ నల్లని చుక్కలు కనిపిస్తాయి. ప్రతి గిన్నెకూ వేరే చెంచా ఉండాలి. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలాకాలమై తేమ తగిలి ఉంటే నీళ్ళు పోసినా పొంగదు కనుక ముందు రోజే చెంచా పౌడర్ మీద వేడి నీళ్ళు పోసి చూసుకోండి.

జవాబు
రాసినవారు: ఆసుపత్రి నర్సు, ఇద్దరు పిల్లల తల్లి

అందరూ ఎంతో శ్రద్ధగా రాశారు. నేను సున్నం, బట్టల సోడా గురించి మాత్రమే రాస్తాను, కొంచెం గట్టిగానే రాస్తాను. ఆ రెండింటినీ పిల్లల చేతికి ఇవ్వవద్దు. తడి సున్నం కంట్లో పడితే కంటి పొరను కాల్చేస్తుంది, చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. తమలపాకుకు రాసుకునేది కదా అని ఇళ్ళలో దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఎప్పుడైనా కంట్లో పడితే నిమ్మరసమో వెనిగరో వేసి సరిచేయాలని చూడకూడదు. మంచినీటి ధార కింద రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కడిగి, వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాలి.

ఇంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఈ ప్రయోగాలు నేర్చుకున్న పిల్లవాడు ఇంటికి వెళ్ళి, అటక మీది పేరు లేని డబ్బాలో తెల్లని పొడి చూసి, నేను పరీక్షించి చెబుతానంటాడు. బొద్దింకలకు ఉండలు చేసే బోరిక్ పౌడర్, క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి, మోరీలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా, ఎలుకల మందు కూడా మన ఇళ్ళలో తెల్లగానే ఉంటాయి, తరచుగా పాత బిస్కెట్ డబ్బాల్లోనే ఉంటాయి. బోరిక్ పౌడర్ అయోడిన్‌కు నల్లబడదు, వెనిగర్‌కు పొంగదు, పసుపు కాగితాన్ని చప్పున ఎర్రగా మార్చదు. మాస్టారు చెప్పిన ఏ చుక్కకూ పలకని పొడుల జాబితాలో అదీ చేరుతుంది. మన ప్రయోగం ప్రకారం చూస్తే అది ఉప్పో పంచదారో అనిపిస్తుంది. అందుకే పేరు తెలియని పొడిని పరీక్షించకూడదు, తినకూడదు, పెద్దవాళ్ళకు చెప్పి పారవేయించాలి అని ప్రయోగం మొదలుపెట్టే ముందే బోర్డు మీద రాయండి. పిల్లలందరి చేత చదివించండి.

అయోడిన్ సీసా మీ దగ్గరే ఉంచుకుని, కరిగించిన ద్రావణం మాత్రమే ఇవ్వండి. అయోడిన్ పడని పిల్లలు ఉన్నారేమో ముందుగా కనుక్కోండి. వాడిన పొడులను ఆ రోజే పారేయండి, మధ్యాహ్న భోజనం వండేచోటికి అవి వెళ్ళకూడదు.

ప్రశ్న అడిగినవారి సమాధానం

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సున్నం, బట్టల సోడా, ముగ్గుపిండి మూడూ జాబితా నుంచి తీసేస్తున్నాను. పేరు లేని డబ్బా గురించిన హెచ్చరికను పిల్లల చేతే పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయిస్తాను, ఇళ్ళలోనూ చెప్పమంటాను.

అయితే ఒక లోటు కనిపిస్తోంది. సున్నం లేకపోతే పసుపు కాగితం ఎర్రబడడం చూపించేదెలా? పెళ్ళిళ్ళలో కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు పసుపు, సున్నం కలిసి వచ్చినవేనని పిల్లలకు తెలుసు, ఆ ముక్క చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి. వంట సోడాతో ఆ ఎరుపు సరిగా రావడం లేదు, నారింజ రంగు దగ్గరే ఆగిపోతోంది. రెండో విషయం, మా ఊళ్ళో పటికకూ పటిక బెల్లానికీ తేడా తెలియక అంగట్లో ఒకటి అడిగితే మరొకటి ఇచ్చిన సందర్భాలు ఉన్నాయని పిల్లలే చెప్పారు. ఆ రెండింటినీ జంటగా పెట్టవచ్చునా? మూడోది, ఇదే ఊపులో పసుపులో, ఇంగువలో, పాలలో కల్తీ కనిపెట్టే పరీక్షలు కూడా అయోడిన్‌తో చేయిద్దామని మా సహోపాధ్యాయులు ఒకరు అంటున్నారు. అది సరైనదేనా?

జవాబు
రాసినవారు: రసాయన శాస్త్ర అధ్యాపకుడు (విశ్రాంత)

నర్సు గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. ముఖ్యంగా బోరిక్ పౌడర్ సంగతి, జాబితా లోపలే జవాబు చెల్లుతుందని నేను చెప్పిన మాటకు అంతకు మించిన ఉదాహరణ లేదు.

పసుపు ఎరుపుకు సున్నం అక్కర్లేదు. వంట సోడా నీళ్ళు చాలా బలహీనమైన క్షారం, పసుపు రంగు మారడం మొదలయ్యే హద్దు దగ్గరే ఉంటాయి కనుక మీకు నారింజ రంగు కనిపించింది. రెండు చెంచాల వంట సోడాను పొడి బాణలిలో వేసి, మధ్యస్థంగా ఉన్న మంట మీద పది పదిహేను నిమిషాలు కలుపుతూ మీరే వేయించండి. దానిలోంచి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెళ్ళిపోయి మిగిలేది సోడియం కార్బొనేట్, అంటే బట్టల సోడాయే. తెల్లగా ఉన్నది తెల్లగానే ఉంటుంది, చూడడానికి ఏమీ జరిగినట్టు ఉండదు. చల్లారాక చిటికెడు తీసి నీళ్ళలో కరిగించి పసుపు కాగితం మీద చుక్క వేయండి, ముదురు ఎరుపు వస్తుంది. పక్కనే వేయించని సోడా చుక్క కూడా వేసి చూపించండి. ఎర్రబడిన చోట నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు రంగు తిరిగి వస్తుంది. పసుపు మరక పడిన చొక్కాను సబ్బుతో ఉతికితే ఎర్రబడి, బాగా జాడిస్తే మళ్ళీ పసుపుగా మారడం పిల్లలందరూ ఇంట్లో చూసినదే. వేయించిన సోడాను తాకడం, చుక్కలు వేయడం మాత్రం మీ చేతుల మీదే జరగాలి.

ఈ ఎర్రబడే సోడాతో మరో ముఖ్య విషయం కూడా ఉంది. దాని మీద అయోడిన్ చుక్క వేస్తే గోధుమ రంగు కూడా వెలిసిపోతుంది, ఎందుకంటే క్షారంలో అయోడిన్ విడిగా నిలవదు. పిండిలో ఈ సోడా ఎక్కువగా కలిసి ఉంటే నలుపు రాకపోవచ్చు, పిండి లేదని పొరబడవచ్చు. అందుకని మిశ్రమాలు ఇచ్చేటప్పుడు ముందు వెనిగర్ వేసి పొంగు పూర్తిగా ఆగాకే అయోడిన్ వేయమనడం మంచి అలవాటు.

పటిక, పటిక బెల్లం జంట తప్పక పెట్టండి, చాలా మంచి ఆలోచన. రెండూ తెల్లని పారదర్శకమైన గడ్డలే, పేరులోనూ సగం ఒకటే. పటిక బెల్లం స్వచ్ఛమైన పంచదార స్ఫటికం, పటిక అల్యూమినియం ఉన్న లవణం. సోడా నీళ్ళ చుక్కతో పటిక బుడగలు వదిలి మబ్బు పడుతుంది, పటిక బెల్లం మౌనంగా ఉంటుంది. వేడి మీద తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పటిక తన బరువులో దాదాపు సగం మేరకు నీటిని స్ఫటికంలోనే దాచుకుని ఉంటుంది, 92 డిగ్రీల దగ్గర ఆ నీటిలోనే తాను కరిగి, ఉడికి, పొంగి, తెల్లని తేలికపాటి బూరుగులా నిలిచిపోతుంది. ఇళ్ళలో పెద్దలు పటికను పొంగించి పొడి చేసేది ఇలాగే. పటిక బెల్లం కరిగి పాకమై, ఎర్రబడి, మాడు వాసన వేస్తుంది. పాత గరిటెలు రెండు తీసుకుని మీరు పక్కపక్కనే చేసి చూపించండి.

కల్తీ విషయంలో మీ సహోపాధ్యాయుల ఉత్సాహం మంచిదే కానీ పదార్థాన్ని బట్టి నడుచుకోవాలి. పాలకు అయోడిన్ పరీక్ష సరైనదే, ఎందుకంటే పాలలో పిండి పదార్థం సహజంగా ఉండదు. కొద్ది పాలకు నీళ్ళు కలిపి కాచి, పూర్తిగా చల్లార్చి, ఆ తరువాత రెండు మూడు చుక్కలు వేయాలి. వేడిగా ఉన్నప్పుడు వేస్తే అమైలోజ్ చుట్ట వదులై నీలం కనిపించదు, పిండి ఉన్నా లేదనుకుంటారు. కావాలంటే గంజి నీళ్ళలో అయోడిన్ వేసి నీలం తెప్పించి, వేడి చేస్తే పోవడం, చల్లారితే తిరిగి రావడం పిల్లలకు చూపించండి. పసుపు సంగతి వేరు. పసుపు దుంప కాబట్టి అందులో పిండి పదార్థం పుట్టుకతోనే ఉంటుంది, మేలైన పసుపు కూడా అయోడిన్‌కు నల్లబడుతుంది. బజారులో దొరికే పొడి ఇంగువ చాలావరకు మైదానో గోధుమపిండో బంక చేర్చి తయారు చేసినదే, ఆ సంగతి పెట్టె మీద రాసే ఉంటుంది, కనుక అది నల్లబడడం మోసానికి గుర్తు కాదు. ఏడో తరగతి పిల్లవాడు ఇంటికి వెళ్ళి, మన కిరాణా కొట్టు వాళ్ళు కల్తీ చేస్తున్నారని చెప్పి ఒక మంచి వ్యాపారికి చెడ్డపేరు తెచ్చే పరిస్థితి రాకూడదు. పాలతో ఆపండి.

చివర్లో సమయం మిగిలితే చురుకైన జట్లకు ఒక పొడుపు కథ ఇవ్వవచ్చు. ఒక గిన్నెలో బేకింగ్ పౌడర్, రెండో గిన్నెలో మీరే కలిపిన వంట సోడా, కార్న్‌ఫ్లోర్ మిశ్రమం పెట్టండి. రెండూ వెనిగర్‌కు పొంగుతాయి, రెండూ అయోడిన్‌కు నల్లబడతాయి. వాటిని విడదీసే ద్రవం బల్ల మీదే, అందరి కళ్ళ ముందే ఉంటుంది. అది నీళ్ళని వాళ్ళకు చెప్పకండి. ఇంకా ముందుకు వెళ్ళగలిగిన జట్టు ఉంటే, ఆ రెండో గిన్నెలోని మిశ్రమం కూడా నీళ్ళకు పొంగాలంటే ఇంకేం కలపాలో అడగండి. నిమ్మ ఉప్పు గిన్నె వైపు చెయ్యి చాచినవాళ్ళు బేకింగ్ పౌడర్‌ను తామే తయారు చేసినట్టు. సోడా మూడు పాళ్ళకు నిమ్మ ఉప్పు రెండున్నర పాళ్ళు తూకంగా సరిపోతుంది, రెండూ బాగా పొడిగా ఉండాలి. కలిపిన తరువాత మూత గట్టిగా బిగించిన సీసాలో మాత్రం ఉంచవద్దు, తేమ తగిలితే లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు.